మళ్లీ మొలిచే కాలేయం, మళ్లీ మొలిచే కేన్సర్

(సికింద్రాబాద్‌లో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, కాలేయ కేన్సర్‌లో మూలకణాల పాత్ర గురించి చెబుతానన్నాను. ఆయనకూ దీనికీ ఏమిటి సంబంధమని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన ఆ మనిషి తన పరిశోధన జీవితంలో పెద్ద భాగం కాలేయంలో ఏముందో వెతకడానికే వెచ్చించారు. ప్రాణం తీసే ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే రోగి బతుకుతున్నాడని 1926లో మైనాట్, మర్ఫీ చూపించారు. 1934లో విపుల్‌తో కలిపి వాళ్లకు నోబెల్ వచ్చింది. తింటే గుణం కనిపిస్తోంది సరే, అందులో పనిచేస్తున్న పదార్థం ఏది? హార్వర్డ్‌లో ఉండగా సుబ్బారావు గారు ఆ ప్రశ్న పట్టుకున్నారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక కూడా వదల్లేదు. అక్కడి శాస్త్రజ్ఞులు 1943లో కాలేయం నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఇవాళ మన ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఇనుముకు తోడుగా ఉన్నది అదే. ఆయన ఇద్దరు సోదరులను పొట్టనపెట్టుకున్న స్ప్రూ జబ్బుకు కూడా చివరికి అదే మందయింది.

అసలు మలుపు ఆ తర్వాతిది. రక్తం ఊరడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి కదా, మరి రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు ఇస్తే ఏమవుతుంది? బోస్టన్‌లో పిల్లల వైద్యశాల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ సంయోగాలు వాడి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, కొందరిలో వేగం పుంజుకున్నట్టు కనిపించింది. మంచి కణాన్ని పెంచే పదార్థమే చెడ్డ కణాన్నీ పెంచుతోందన్న మాట. అయితే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు గారి బృందం అలాంటి వాటిని తయారుచేసి పంపింది. అందులో అమినాప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

కోలుకున్న ఆ పిల్లల్లో జబ్బు తిరగబెట్టింది. రక్తంలో కేన్సర్ కణం ఒక్కటీ కనపడకుండా పోయి, కొన్ని నెలలకు మళ్లీ నిండిపోయేది. మందు కణాలను చంపుతోంది, అందులో అనుమానం లేదు. మరి తిరిగి వస్తున్నవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఈ ప్రశ్నకు ఒక రూపం రావడానికి 40 ఏళ్లకు పైగా పట్టింది. ఆ ప్రశ్న రక్తం దగ్గర మొదలై కాలేయం దాకా ఎలా వచ్చిందో, మన నగరంలో అది ఏ రూపంలో మన ముందు నిలబడిందో చెప్పడానికే ఈ సాయంత్రం వచ్చాను.

టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లోనూ, మళ్లీ 1997లోనూ చేసిన పని ఇది. రక్త కేన్సర్ రోగి కణాలను రకరకాలుగా వేరుచేసి, రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు ఎక్కించారు. లక్షల కణాల్లో బహు కొద్దివాటికే ఎలుకలో మళ్లీ కేన్సర్ పుట్టించే సత్తా ఉందని తేలింది. మిగతావి విభజన చెందుతాయి, గుంపు పెరుగుతుంది, కానీ కొంతకాలానికి వాటి దమ్ము అయిపోతుంది. ఆ కొద్ది కణాల పోకడ ఎముక మజ్జలోని మూలకణాల్ని పోలి ఉంది. తనలాంటి కణాన్ని తాను నిలుపుకుంటూ, వేరే కణాల్ని పుట్టిస్తూ, ఎక్కువ కాలం నిద్రలో ఉండగలవు. విభజన జరుపుతున్న కణాన్ని చంపే మందులకు నిద్రపోతున్న కణం చిక్కదు. పొలం పని తెలిసినవాళ్లకు తుంగ సంగతి తెలుసు. పైన ఆకు ఎన్నిసార్లు పీకినా, కింద గడ్డ ఉన్నంతకాలం మళ్లీ లేస్తుంది. కేన్సర్ మూలకణం అన్న ఊహ సారాంశం అదే.

2003లో రొమ్ము కేన్సర్‌లోనూ, 2004లో మెదడు కణితుల్లోనూ ఇలాంటి కణాలను గుర్తించారు. 2006, 2007 నాటికి జపాన్, హాంకాంగ్ ప్రయోగశాలలు కాలేయ కేన్సర్‌లో వెతకడం మొదలుపెట్టాయి. మొదట సి.డి.133 అనే గుర్తు ఉన్న కణాలు, 2008లో సి.డి.90, 2009లో ఎప్‌క్యామ్, 2010లో సి.డి.13 ఉన్నవి బయటపడ్డాయి. ఈ పేర్లన్నీ గుర్తుంచుకోనవసరం లేదు. కణం పైపొర మీద ఉండే ప్రోటీన్లవి, కణాల్ని ఏరడానికి పనికొచ్చే ఆనవాళ్లు. ఒక్క ఎప్‌క్యామ్‌ను మాత్రం మనసులో పెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. సి.డి.13 గురించి కూడా ఒక మాట. ఒసాకా శాస్త్రజ్ఞులు ఆ గుర్తున్న కాలేయ కేన్సర్ కణాలు నిద్రావస్థలో ఉంటాయనీ, కీమో మందును తట్టుకుని మిగిలేవి అవేననీ చూపించారు. ఎలుకల్లో సి.డి.13ను అడ్డుకునే మందును కీమోతో కలిపి ఇస్తే కణితులు బాగా కుంచించుకుపోయాయి. ఫార్బర్ చికిత్స చేసిన పిల్లల్లో జబ్బు ఎందుకు తిరగబెట్టిందన్న ప్రశ్నకు కాలేయం వైపు నుంచి వచ్చిన జవాబు అది.

కాలేయం సంగతి మిగతా అవయవాల్లాంటిది కాదు. నా పిల్లకు కాలేయం ఇస్తానని ఒక తండ్రి ముందుకొస్తే, ఆయన కాలేయంలో ఒక భాగం కోసి తీసి బిడ్డకు పెడతారు. ఇద్దరిలోనూ అది కొన్ని వారాల్లోనే చాలా వరకు పూడుకుంటుంది. 1931లో హిగిన్స్, ఆండర్సన్ ఎలుకల్లో మూడింట రెండు వంతుల కాలేయం తీసేసి, పది రోజులు తిరక్కుండానే అది పాత బరువుకు చేరుకుంటుందని కొలిచి చూపారు. ఈ పనంతా చేసేది ఏవో ప్రత్యేక మూలకణాలని చాలామంది అనుకుంటారు. కాదు. రోజూ పనిచేసే మామూలు కాలేయ కణాలే తలా ఒకటి రెండుసార్లు విభజన చెంది ఆ లోటు పూడ్చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి మూలకణాల అవసరమే పెద్దగా రాదు.

అవసరం వచ్చేది మామూలు కణాలు చేతులెత్తేసినప్పుడు. ఏళ్ల తరబడి హెపటైటిస్ వైరసో, సారాయో, కొవ్వో కాలేయాన్ని కొడుతూ ఉంటే, కణాలు చస్తాయి, పక్కవి విభజన చెందుతాయి, మళ్లీ చస్తాయి. ఇరవై ఏళ్లు ఇలా గడిచాక ఆ కణాలకు ఓపిక ఉండదు. అప్పుడు పిత్తనాళాల కొసల దగ్గర, హెరింగ్ నాళికలు అనే సన్నని చోట, చిన్న చిన్న కోలకణాలు లేస్తాయి. వీటిని 1956లో ఎలుకల్లో వర్ణించి పేరుపెట్టినవాడూ ఫార్బర్ అనే మనిషే. ఆయన ఎమ్మాన్యుయేల్ ఫార్బర్, ఇందాకటి సిడ్నీ వేరు. ఈ కోలకణాలు అటు కాలేయ కణంగానూ మారగలవు, ఇటు పిత్తనాళపు కణంగానూ మారగలవు. గర్భంలోని బిడ్డకు కాలేయం ఏర్పడేటప్పుడు ఏ కణాలుంటాయో వాటి పోలికలు వీటిలో కనిపిస్తాయి.

నేను పాథాలజిస్టును. నాకు రోగి ముఖం కంటే ముందు ఆయన కాలేయపు ముక్క కనిపిస్తుంది. సూది అంత సన్నని ఆ ముక్కను మైనంలో పెట్టి, పొరలుగా కోసి, గాజు పలక మీద రంగులద్ది చూస్తాం. ముదిరిన హెపటైటిస్-బి కాలేయంలో నీలం రంగు పట్టిన పీచు పట్టీలు దీవులు దీవులుగా కణాలను చుట్టేసి ఉంటాయి. ఆ పట్టీల అంచున, కాస్త ఎర్రటి పెద్ద కాలేయ కణాలకు ఆనుకుని, ముదురు కేంద్రకాలున్న చిన్న కణాలు వరుసలు కట్టి లోపలికి చొచ్చుకుపోతుంటాయి. కెరటిన్-19 అనే ప్రోటీన్‌కు రంగు వేస్తే ఆ వరుసలన్నీ గోధుమ రంగులో మెరుస్తాయి. మా దగ్గరికి వచ్చే పీజీ విద్యార్థులకు నేను ఇదే ముందు చూపిస్తాను. ఇవి కేన్సర్ కణాలు కావమ్మా, ఈ కాలేయం తనను తాను బాగుచేసుకోవడానికి పడుతున్న ఆఖరి తాపత్రయం అని చెబుతాను. ఆ పక్కనే ఇంకో పలక పెడతాను. అది కాలేయ కేన్సర్ పలక. అందులోనూ కొన్ని కణితుల్లో కెరటిన్-19 గోధుమ రంగు పడుతుంది. అలా రంగు పడిన కణితులు తొందరగా పాకుతాయని, కోసి తీసేసినా తిరిగి వచ్చే అవకాశం ఎక్కువని చాలా దేశాల అనుభవం చెబుతోంది. 2006లో అమెరికాలో థోర్గేర్సన్ బృందం వందకు పైగా కాలేయ కణితుల్లో జన్యువుల పనితీరు చదివి, గర్భస్థ కాలేయ కణాల పోకడ ఉన్న కణితులు ఒక వర్గంగా తేలుతున్నాయని, ఆ రోగులు తక్కువ కాలం బతుకుతున్నారని చెప్పింది.

మీలో చాలామందికి ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష తెలిసే ఉంటుంది. సికింద్రాబాద్‌లో ఏ ల్యాబ్‌కు వెళ్లినా చేస్తారు. ఆల్ఫా ఫీటో ప్రోటీన్ దాని పూర్తి పేరు. గర్భంలోని శిశువు కాలేయం తయారుచేసే ప్రోటీన్ అది. పుట్టిన ఏడాదిలోపు దాదాపు ఆగిపోతుంది. 1963లో మాస్కోలో గారీ అబెలెవ్, కాలేయ కణితి ఉన్న ఎలుకల రక్తంలో ఇది తిరిగి కనిపించిందని కనిపెట్టాడు. మరుసటి ఏడే తతారినోవ్ దాన్ని మనుషుల్లో చూశాడు. యాభై ఏళ్ల మనిషి కాలేయం, తల్లి కడుపులో ఉన్నప్పుడు చేసిన పనిని మళ్లీ మొదలుపెట్టిందని ఆ రిపోర్టు చెబుతోంది. మూలకణాల మాట వైద్యంలో ఇంత వాడుకలోకి రాకముందే, నలభై ఏళ్ల పాటు మనం ఆ సంకేతాన్నే కొలుస్తూ వచ్చాం. అన్ని కాలేయ కేన్సర్లలోనూ ఏఎఫ్‌పీ పెరగదు, పెరిగిన ప్రతిదీ కేన్సర్ కాదు. అందుకే దానితో పాటు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించమంటాం.

ఇక ఎప్‌క్యామ్ సంగతి. ఇది మన నగరానికి చెందిన కథ, ఇంతగా చెప్పుకోవలసినది ఇంకోటి లేదని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని దక్కన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా నాయకత్వాన కాలేయ పరిశోధన కేంద్రం నడిచింది. కాలేయం ఒక్కసారిగా కుప్పకూలి, స్పృహ తప్పిన రోగులకు గర్భస్థ పిండాల కాలేయ కణాలు ఎక్కించి చూసిన అనుభవాన్ని వాళ్లు 1994లోనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. ప్రపంచంలో అలాంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కపెట్టదగిన రోజులవి. తర్వాత 2010లో డాక్టర్ అలీమ్ అహ్మద్ ఖాన్, హబీబుల్లా, వారి సహచరులు ఇంకో అడుగు వేశారు. కాలేయం పీచు కట్టే సిర్రోసిస్ ముదిరి, పొట్టలో నీరు చేరిన 25 మంది రోగులకు గర్భస్థ కాలేయం నుంచి తీసిన మూలకణాలను కాలేయ ధమని ద్వారా పంపారు. ఆరు నెలలకు వాళ్ల కాలేయ జబ్బు తీవ్రత స్కోరు సగటున బాగా తగ్గిందని నివేదించారు. ఆ కణాలను మిగతావాటి నుంచి ఎలా ఏరారు? ఎప్‌క్యామ్ గుర్తున్నవాటిని అయస్కాంతపు పూసలతో పట్టి తీశారు.

సరిగ్గా ఏడాది ముందు, 2009లో, అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో యమషితా, షిన్ వే వాంగ్ బృందం కాలేయ కేన్సర్ కణితుల నుంచి ఎప్‌క్యామ్ గుర్తున్న కణాలను ఏరి, వాటిని బహు కొద్ది సంఖ్యలో ఎలుకలకు ఎక్కిస్తే కణితులు లేచాయని చూపింది. ఆ గుర్తు లేని కణాలకు ఆ సత్తా కనిపించలేదు. ఒకే గుర్తు. ఒక చోట అది కాలేయాన్ని నిలబెడుతుందని ఆశపడిన కణం మీద ఉంది, ఇంకో చోట కణితికి వేరు అనుకున్న కణం మీద ఉంది. హైదరాబాద్ వైద్యులు ఎక్కించిన కణాల వల్ల కేన్సర్ వచ్చిందని నేను అనడం లేదు, అలాంటి మాట ఎవరూ అనలేదు. వాళ్లది బహిరంగంగా ప్రచురించిన, నలుగురూ పరీక్షించుకోగలిగిన శాస్త్రం. మార్పిడికి కాలేయం దొరకని రోగికి ఏదో ఒక ఆసరా ఇవ్వాలన్న తపనతో చేసిన పని. నేను చెప్పేదల్లా ఒకటే. కాలేయాన్ని తిరిగి మొలిపించే శక్తీ, కణితిని తిరిగి మొలిపించే శక్తీ రెండు వేరు వేరు శక్తులు కావు. ఫోలిక్ ఆమ్లం విషయంలో 1947, 48లో బోస్టన్‌లో కనిపించింది ఇదే. పెరుగుదలను మనం మంచికీ చెడుకీ విడివిడిగా కొనుక్కోలేం.

ఇదిలా ఉంటే, ఈ నగరంలో రోగుల ఇళ్లవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇంకోటి. కొన్నేళ్ల కిందట ఒక లారీ డ్రైవర్ కాలేయపు ముక్క మా దగ్గరికి వచ్చింది. హెపటైటిస్-బి వల్ల సిర్రోసిస్, దాని మీద కేన్సర్. రిపోర్టు అర్థం కాలేదని ఆయన తమ్ముడు పైకి వచ్చి నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. "డాక్టర్ సాబ్, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే లివర్ కొత్తది వస్తదంట గదా? ఒకచోట ఐదు లక్షలు చెప్పిన్రు. ఊర్ల పొలం అమ్ముదామనుకుంటున్నం" అన్నాడు. ఆయన చేతిలో రంగురంగుల కరపత్రం ఉంది. గులాబీ రంగు కాలేయం బొమ్మ, దాని మీద నక్షత్రాల్లాంటి కణాలు. కూర్చోబెట్టి చెప్పాను. నాయనా, మీ అన్న కాలేయంలో ఇప్పుడు ఉన్న సమస్యే పెరుగుదల. అందులోకి పెరుగుదలను పెంచే కణాల్ని పంపడం ఏ నియమం ప్రకారం కూడా వైద్యం కాదు. పొలం అమ్మొద్దు.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. మన దేశంలో మూలకణాలతో చేసే చికిత్సగా ఆమోదం ఉన్నది రక్త మూలకణాల మార్పిడికే, అదీ నిర్ణీత జబ్బులకే. మిగతా ఏ జబ్బుకైనా అది ప్రయోగం కిందికే వస్తుంది. ప్రయోగమైతే నమోదు కావాలి, నైతిక సంఘం ఆమోదం ఉండాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మూలకణాలతో నిజంగా మేలు జరిగిన చోట్లు లేకపోలేదు. ఎముక మజ్జ మార్పిడి ఉంది. మన బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, సున్నం పడో రసాయనాలు చిమ్మో చూపు పోయినవాళ్లకు కంటి అంచు మూలకణాలతో చేసే చికిత్స ప్రపంచంలోనే పేరున్న పని. కంటి పొర చిన్నది, కంటికి కనపడేది, తేడా వస్తే ఆ రోజే తెలుస్తుంది. మచ్చలు కట్టి, వైరస్ జన్యువులు తన జన్యువుల్లో ఇరికిన కాలేయం అలాంటిది కాదు.

ఇక్కడ శాస్త్రంలో ఉన్న వాదాన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. కేన్సర్ మూలకణాలనేవి నిజంగా వేరే జాతి కణాలా, లేక ఏ కేన్సర్ కణమైనా అవసరం వస్తే ఆ రూపం ఎత్తగలదా? 2008లో మెలనోమా అనే చర్మ కేన్సర్ మీద చేసిన పనిలో, రోగనిరోధక శక్తి మరీ తక్కువగా ఉన్న ఎలుకలను వాడితే దాదాపు నాలుగో వంతు కణాలకు కణితి పుట్టించే శక్తి ఉందని తేలింది. అంటే మనం కొలిచేది కణం సత్తానా, ఎలుక బలహీనతనా అన్న అనుమానం వచ్చింది. కాలేయంలో ఇంకో చిక్కు ఉంది. 2015లో ఎలుకల్లో కణాల వంశాన్ని రంగుతో వెంబడించి చూసినప్పుడు, కాలేయ కేన్సర్ కోలకణాల నుంచి కాక, ముదిరిన మామూలు కాలేయ కణాల నుంచే లేచిందని తేలింది. దానికి ముందే, గాయపడిన కాలేయ కణాలు వెనక్కి మళ్లి పసి కణాల లక్షణాలు తెచ్చుకోగలవని కొన్ని ప్రయోగాలు చూపించాయి. ఇవన్నీ చదివాక నాకు నమ్మకం కుదిరింది ఇలా. కాలేయ కేన్సర్‌లో మూలకణ లక్షణం అనేది కణం పుట్టుకతో తెచ్చుకున్నది కాకపోవచ్చు. దీర్ఘకాలపు దెబ్బ కింద నలిగిన కణం బతకడానికి వెనక్కి నడిచి తెచ్చుకున్న స్థితి అది. అలా అయితే ఒక్క మందుతో ఆ కణాలను ఏరి చంపడం తేలిక కాదు. చంపినవాటి చోట్లోకి మిగిలినవి మారిపోగలవు.

మరి చికిత్స మాటేమిటి? చిన్న కణితులైతే కోసి తీయడమో, వేడితో మాడ్చడమో చేస్తారు. కోసి తీసినా ఐదేళ్లలో ఎక్కువమందికి మళ్లీ వస్తుంది, ఎందుకంటే కణితి పుట్టించిన జబ్బు కాలేయం అక్కడే ఉంది. అందుకే ఒక్కటే 5 సెంటీమీటర్లకు మించని కణితి, లేదా 3 సెంటీమీటర్లకు మించనివి మూడు వరకు ఉన్న రోగులకు కాలేయ మార్పిడి మేలని 1996లో మిలాన్‌లో మజ్జాఫెరో ఇచ్చిన లెక్క ఇప్పటికీ ఆధారం. మార్పిడి కణితినీ తీసేస్తుంది, దాన్ని పెంచిన కాలేయాన్నీ తీసేస్తుంది. చనిపోయినవారి అవయవాలు అందించే జీవన్‌దాన్ పథకం ఇక్కడ నడుస్తోంది. అందులో పేరు నమోదు చేసుకున్న రోగులు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇవ్వగలిగిన కుటుంబాలు ఇవ్వాలని ఈ వేదిక మీంచి చేతులెత్తి అడుగుతున్నాను.

కణితి ముదిరిపోయినవాళ్లకు 2007 వరకు పనిచేసే మాత్ర లేదు. అప్పుడు సొరాఫెనిబ్ వచ్చింది. అది కాలేయ కేన్సర్ రోగి సగటు ఆయుష్షును సుమారు 8 నెలల నుంచి 10.7 నెలలకు పెంచింది. అంత తక్కువా అనిపిస్తుంది. ఆ తక్కువ కూడా నెలకు 2,80,000 రూపాయలు పెట్టగలిగినవాళ్లకే అందేది. 2012 మార్చిలో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మాకు దేశంలో మొట్టమొదటి తప్పనిసరి లైసెన్స్ దక్కింది, అదే మందును నెలకు 8,800 రూపాయలకు అమ్మేందుకు. పేటెంట్ యజమాని బేయర్ పైకోర్టులకు వెళ్లింది, 2014 చివర్లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ప్రపంచంలో పేదవాడి మందు కోసం ఎక్కడ చర్చ జరిగినా ఈ కేసు ప్రస్తావన వస్తుంది. 2020లో రోగనిరోధక వ్యవస్థను లేపే మందు ఉన్న జోడీ వచ్చింది. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి ఇస్తే సగటు ఆయుష్షు 19 నెలలు దాటింది. గర్భస్థ కాలేయంలో ఉండి, పెద్దవాళ్ల కాలేయంలో కనిపించని గ్లిపికన్-3 అనే ప్రోటీన్‌ను గురిపెట్టి రోగి సొంత టీ-కణాలను మార్చి పంపే ప్రయోగాలు చైనాలో, అమెరికాలో నడుస్తున్నాయి. పసి కణపు ఆనవాలే కేన్సర్‌ను పట్టించేలా చేయడం వాటి ఉద్దేశం. అవి ఫలిస్తాయని నాకు ఆశ.

పిల్లల రక్త కేన్సర్‌కు జరిగింది గుర్తుచేసుకుంటే ఆశకు ఆధారం దొరుకుతుంది. 1948లో ఒక్క అమినాప్టెరిన్‌తో నెలల ఊరట. తర్వాత సుబ్బారావు గారి బృందపు మెథోట్రెక్సేట్‌కు ఇంకో మందు, దానికి ఇంకోటి కలిపి, దాక్కున్న కణం దగ్గరికి చేరేదాకా ఏళ్ల తరబడి చికిత్స సాగించడం నేర్చుకున్నారు. ఇవాళ మంచి వసతులున్న చోట ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో అత్యధికులు పూర్తిగా బాగవుతున్నారు. కాలేయ కేన్సర్ విషయంలో ప్రపంచమంతా ఇంకా 1948 దరిదాపుల్లోనే ఉంది. 2022లో ప్రపంచంలో సుమారు 8.66 లక్షల మందికి కొత్తగా ఈ కేన్సర్ వస్తే, 7.58 లక్షల మంది చనిపోయారు. ఆ రెండు అంకెల మధ్య దూరం ఎంత తక్కువో చూడండి.

కాలేయాన్ని మళ్లీ మళ్లీ మొలవమని బలవంతం చేసే ఆ దెబ్బనే ఆపగలిగితే, మూలకణాల ప్రశ్న చాలామంది విషయంలో తలెత్తనే తలెత్తదు. ఆ పని మన చేతిలో ఉంది. హెపటైటిస్-బి పెద్దవయసులో సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే పదిమందిలో తొమ్మిది మందిలో జీవితాంతం ఉండిపోతుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి. విదేశీ టీకా మామూలు మనుషులకు అందని ధరలో ఉన్న రోజుల్లో, 1997 ఆగస్టులో, కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి పేరుతో దేశంలో మొదటి జన్యుసాంకేతిక టీకాను తెచ్చింది. 2011 నాటికి అది దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో చేరింది. తైవాన్ 1984లోనే దేశవ్యాప్తంగా పసిపిల్లలకు వేయడం మొదలుపెట్టి, పదేళ్లు దాటేసరికి పిల్లల్లో కాలేయ కేన్సర్ తగ్గిందని 1997లో లెక్కలతో చూపింది. కేన్సర్‌ను ఆపే టీకా అని ఒకదాన్ని చూపించగలిగిన మొదటి సందర్భం అది.

మన దగ్గర ఇంకా ఒక అడ్డంకి ఉంది. కామెర్లు వస్తే పసరు మందు తాగించే అలవాటు పోలేదు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఏ ఎలాగూ కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఆ పేరు పసరుకు దక్కుతుంది. ఆ నమ్మకంతోనే హెపటైటిస్-బి ఉన్నవాళ్లు కూడా పసరు తాగి, కళ్లు తెల్లబడ్డాయని ఊరుకుంటారు. వైరస్ అలాగే ఉండిపోతుంది. కామెర్లు వచ్చిన ప్రతి మనిషికీ హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్-బి), హెచ్‌సీవీ (హెపటైటిస్-సి) పరీక్షలు చేయించండి. తడి తగిలి బూజు పట్టిన పల్లీలు, మక్కజొన్నలు పారేయండి. వాటిలోని అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయ కణం జన్యువును నేరుగా దెబ్బతీస్తుంది, వైరస్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దాని మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఇక మద్యం గురించి, మధుమేహంతో వచ్చే కొవ్వు కాలేయం గురించి ఈ సభలో ఎవరికీ చెప్పనవసరం లేదు. నా దగ్గరికి వచ్చే పలకల్లో వాటి వాటా ఏటేటా పెరుగుతోందని మాత్రం చెబుతున్నాను.

ఆ లారీ డ్రైవర్ తమ్ముడికి ఆ రోజు నేను చెప్పిన రెండో మాట, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోమని. వాళ్లది ఒకే తల్లి, అన్నకు వైరస్ ఆమె నుంచే వచ్చి ఉండొచ్చు. తల్లి, నలుగురు అన్నదమ్ములు, అన్న భార్య, ఇద్దరు పిల్లలు వచ్చారు. తమ్ముడికీ, ఇంకో అన్నకూ వైరస్ ఉంది. పిల్లలకు లేదు, వాళ్లకు టీకాలు పడ్డాయి. వదినకు ఆ వారమే టీకా మొదలుపెట్టారు. వైరస్ ఎంత ఉందో కొలిచి, అవసరమైనవాళ్లకు టెనోఫోవిర్ మాత్రలు రాసిచ్చారు. అన్న ఆ ఏడాది దాటలేదు. తమ్ముడు మాత్రలు మానకుండా వాడుతున్నాడు, ఆరు నెలలకోసారి స్కాన్‌కు, ఏఎఫ్‌పీకి వస్తున్నాడు. పొలం అమ్మలేదు.